ఏడో పలక

చీకటి 38వ రోజు. బయట మైనస్ 51. లోపల 19.

ఈ పుస్తకం మొదటి పేజీలో, మమ్మల్ని ఇక్కడికి పంపిన ఆఫీసువాళ్లు అచ్చు వేయించారు: "ఇంటి పనితీరు మాత్రమే రాయవలెను. సొంత సంగతులు రాయరాదు." ఆరుగురం ఒకే గుండ్రటి గదిలో తింటున్నాం, పడుకుంటున్నాం, పోట్లాడుకుంటున్నాం. ఇందులో ఇల్లెక్కడ ఆగి సొంతం ఎక్కడ మొదలవుతుందో ఆ అచ్చు వేయించినాయన ఒక వారం ఇక్కడుండి చెప్పిపోతే బాగుండేది. నాకు తోచినట్టు రాస్తాను.

ఈ మంచునేల మీద సూర్యుడు పోయి ముప్పై ఎనిమిది రోజులు. మళ్లీ కనపడేది నూట పన్నెండో రోజున, ఆ వెనకే ఓడ. ఓడలో నలభై కుటుంబాలు వస్తాయి. ఈ ఇల్లు చలికాలం నిలబడితే ఇలాంటివే నలభై కడతారు. ఇల్లు గీసింది నేనే, నంద్యాల నుంచి వచ్చిన ఇంజనీరు ఓబులేశ్వరిని. ఇది గొప్ప కోసం రాయడం లేదు. సరే, కొంచెం గొప్ప కోసమే.

పన్నెండు పలకల గోడ. ఒక్కో పలక మూరన్నర మందం, లోపలంతా బూరుగు దూది. దూదికీ మనుషులకీ మధ్య పల్చటి రేకుగుడ్డ. మన ఊపిరిలోని తడి, వంటలోని ఆవిరి గోడలోకి పోకుండా ఆపేది ఆ గుడ్డే. గది నడుమ అణుకుంపటి. అది ఇచ్చే వేడి ఎప్పుడూ ఒకటే, పెంచమంటే పెరగదు. కాబట్టి మా బతుకంతా గోడ మీదే. లోపల సున్నాకు దిగితే కుంపటి చుట్టూ తిరిగే నీళ్ల గొట్టాలు పగులుతాయి. గొట్టాలు పగిలితే కుంపటి తనంతట తానే ఆరిపోతుంది. ఆ తర్వాత రోజులు లెక్కపెట్టుకోనక్కర్లేదు, గంటలు చాలు.

ఇవాళ పందొమ్మిది. నేను వేసిన లెక్క ఇరవై ఒకటి. ఎవరో తలుపు సరిగా వేయడం లేదు.

చీకటి 43వ రోజు. బయట మైనస్ 52. లోపల 17.

కుంపటిని విప్పి చూడమని మద్దిలేటికి చెప్పాను. కుంపటి సంగతి చూసుకునేది అతనే, మాట తక్కువ మనిషి. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చూసి చేతులు తుడుచుకున్నాడు.

"కుంపటికేమీ లేదు మేడమ్. మొదటి దినం ఎంత ఇచ్చిందో ఇప్పుడూ అంతే ఇస్తాంది."

"అయితే వేడి ఎటు పోతోంది?"

"అది కుంపటినడిగితే ఏం చెప్తాది? గోడనడగాల."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉందట నా వాలకం. ఆ మాట అతను పైకి అనలేదు, మొహంలో మాత్రం కనపడింది. నా గోడకేం కాదు. దాని లెక్క నాలుగు సార్లు చూశాను.

చీకటి 45వ రోజు. బయట మైనస్ 52. లోపల 14.

ఇవాళ సుంకమ్మతో గొడవ పడ్డాను.

సుంకమ్మ మా వంటమనిషి, యాభై దాటింది. ఆఫీసువాళ్లు పంపిన తిండి పొట్లాలను నాలుగో రోజుకే మూలన పడేసి, కుంపటి మూత మీద ఎసరు పెట్టి, పూటపూటా గంజి వార్చి అన్నం వండుతోంది. ఎవరికీ అభ్యంతరం లేదు, నాకసలే లేదు. కానీ నీళ్లకోసం రోజుకు నాలుగు సార్లు తలుపు తీసి, బయటి నడవలోంచి మంచుగడ్డలు తెచ్చుకుంటుంది.

"తలుపు తీసి ఎంతసేపు నిలబడుతున్నావు?" అన్నాను.

"గడ్డ తెచ్చుకునేంత సేపు. నీళ్లు యాడినుంచి వస్తాయి మేడమ్, మీ లెక్కల పుస్తకంలోంచా?"

"నీ అన్నం కోసం ఆరుగుర్ని చంపుతావా?"

అనేశాను. అన్నాక వెనక్కి తీసుకోలేదు. మంచు కోసే అన్నదమ్ములు ఈరన్న, నాగన్న కంచాల ముందు తల వంచుకు కూర్చున్నారు. సుంకమ్మ గరిటె కింద పెట్టింది.

"సరే మేడమ్. రేపట్నుంచి పొట్లాలు చింపుకోని తినండి. ఎవురూ సావరు."

చీకటి 46వ రోజు. బయట మైనస్ 53. లోపల 13.

పొట్లాలు మట్టిలా ఉన్నాయి. తలుపు రోజంతా మూసే ఉంచాం. అయినా ఒక డిగ్రీ దిగింది.

మధ్యాహ్నం హుస్సేనప్ప లేచాడు. ఆయనకు అరవై నాలుగు. ఆదోని దగ్గర దూదేకుల ఇంట పుట్టినవాడు. గోడల్లో దూది నింపడానికి వచ్చి, ఇంట్లో పెద్దదిక్కుగా ఉండిపోయాడు. థర్మాకోల్ లాంటి నురుగు పలకలు చేసే కాలం పోయాక ఆఫీసువాళ్లకు దూది గుర్తొచ్చింది, దూదితో పాటు ఈయన గుర్తొచ్చాడు. ఆయన గోడ చుట్టూ తిరుగుతూ ఒక్కో పలకనూ వేలి మెటికతో కొట్టి చూశాడు.

"మూడు బాగుండాది. నాలుగు పరవాలేదు. అయిదు కుంగతాంది. ఆరు సచ్చింది. ఏడు సచ్చింది. ఎనిమిది సచ్చింది. తొమ్మిది సావబోతాంది."

"చావడమేంటి పెద్దాయనా? గోడ అది."

"నీకు గోడ, నాకు నిలబెట్టిన పరుపు. దూదిలో గాలుంటే పరుపు బతికుంటాది పాపా. తడి దూరితే దూది కుంగి కూచుంటాది. ఇంగ యెచ్చదనం యాడ నిలుస్తాది?"

ఎనిమిదో పలక పైభాగంలో రేకుగుడ్డ జానెడు విప్పాం. చేయి పెడితే దూది తగల్లేదు. కల్లుప్పు బస్తాలో చేయి పెట్టినట్టు గరగరలాడింది. గోడలోకి ఆవిరి పోయి, అక్కడే మంచయి, రోజురోజుకూ పేరుకుంది. అది పేరుకున్న కొద్దీ చలి లోపలికి వస్తోంది.

ఆవిరి ఎలా పోయింది? వెతికితే పది నిమిషాల్లో దొరికింది. మేకులు. "గోడకు ఏదీ తగిలించరాదు" అని నేను పెద్దక్షరాలతో రాసి అంటించిన కాగితం పక్కనే ఒక మేకు, దానికి మద్దిలేటి క్యాలెండరు. సుంకమ్మ కొలిచే సుంకులమ్మ తల్లి పటానికొకటి, ఈరన్న అద్దానికొకటి, నాగన్న చనిపోయిన తండ్రి ఫోటోకు రెండు, తువాళ్ల తాడుకు రెండు. మొత్తం ముప్పై ఒకటి. ప్రతి మేకూ రేకుగుడ్డను చీల్చుకుని పోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత చదివి, ఇంత దూరం వచ్చి, మేకులతో చస్తామా అని అరిచాను.

"మేకు లేకుంటే అది ఇల్లెట్లయితాది?" అంది సుంకమ్మ. "అమ్మవారిని నేల మీద కూచోబెట్టమంటావా?"

అన్నీ పీకించి బెజ్జాలకు టేపు వేయించాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ పని జరుగుతున్నంతసేపూ నేను నా మంచం పక్కనే నిలబడ్డాను.

నా మంచం ఏడో పలకకు ఆనుకుని ఉంటుంది. అటు పక్కే సుంకమ్మ వండి వార్చే చోటు. ఇల్లు గీసినదాన్ని కాబట్టి వెచ్చటి చోటు నేనే తీసుకున్నాను. మంచం పైన, నేలకు ఆరడుగుల ఎత్తున, నా కోటు వేలాడుతుంది. కోటు వెనక ఒక బెజ్జం ఉంది. మేకు బెజ్జం కాదు, నా బొటనవేలంత ఉంటుంది. గోడ నడిమధ్యలో నా లెక్క ప్రకారం ఎంత వేడి ఉందో కొలిచి, ఓడ రాగానే ఆఫీసువాళ్లకు చూపించాలని వచ్చిన వారంలోనే బెజ్జం వేసి థర్మామీటరు ఊచ దూర్చాను. కోటు ఆ ఊచకే వేలాడుతుంది, ఊచ చుట్టూ సందు ఉంది. వేడిగాలి పైకెక్కుతుందని, పైన దారి దొరికితే తోసుకుపోతుందని నాకు తెలుసు. ముప్పై ఒక్క మేకులూ కలిసి మోసినదానికంటే ఎక్కువ ఆవిరిని ఆ ఒక్క బెజ్జం మోసుంటుంది.

ఎవరూ చూడనప్పుడు నాలుగు పొరలు టేపు వేశాను. ఎవరికీ చెప్పలేదు. ఇందాకే అరిచి ఉన్నాను, ఇప్పుడెలా చెప్పను? మూసేశాను కదా, చాలు.

చీకటి 49వ రోజు. బయట మైనస్ 53. లోపల 10.

పని మొదలైంది. పలక విప్పి, దూదిని గోతాల్లో పట్టి, బయటి నడవలోకి మోసుకుపోతాం. అక్కడ మైనస్ నలభై అయిదు. ఆ చలికి దూదిలోని మంచు పెళుసెక్కుతుంది. హుస్సేనప్ప తాను తెచ్చుకున్న దూది ఏకే విల్లు దించి, చెక్క గుండుతో తంతి మీద కొడితే దూది విచ్చుకుంటుంది, మంచు పొడిగా రాలిపోతుంది. బూరుగు దూదికి జిడ్డు ఉంటుంది కాబట్టి నీటిని పీల్చుకోదు, అదొక్కటే మా అదృష్టం. దులిపిన దూదిని మళ్లీ నింపి గుడ్డ బిగిస్తాం. ఒక్కో పలకకు ఒక రోజు. పలక తెరిచి ఉన్నంతసేపూ లోపల చలి ఇంకాస్త దిగుతుంది.

"మందపు గ్లవుజు తొడుక్కో పెద్దాయనా."

"తొడుక్కుంటే మంచు ఉండాదో పోయిందో యేలికెట్ల తెలుస్తాది?"

పల్చటి నూలు గ్లవుజుతోనే కొడుతున్నాడు. పది నిమిషాలకొకసారి లోపలికొచ్చి చేతులు కాచుకుంటున్నాడు.

ఏ పలక ముందు, ఏది వెనక అన్నది నేనే నిర్ణయించాను. ఎనిమిది, ఆరు, తొమ్మిది, అయిదు. "ఏడు వంట పక్కది, ఆ సెగకు కాస్త కాస్త ఆరుతుంది. వంట సామానూ మంచమూ జరపాలి కూడా. చివర్లో చూద్దాం" అన్నాను. ఇంజనీరు మాట కదా, అందరూ తలూపారు. హుస్సేనప్ప ఒక్కడే ఒకసారి ఏడో పలక వైపు చూసి, విల్లు భుజాన వేసుకుని వెళ్లాడు.

చీకటి 53వ రోజు. బయట మైనస్ 58, గాలి. లోపల 9.

నాలుగు పలకలు అయ్యాయి. నిన్న పన్నెండుకు ఎక్కింది. ఈరన్న ఈల వేశాడు. సుంకమ్మ ఎవరూ అడక్కుండానే ఎసరు పెట్టింది, మూత గట్టిగా బిగించి. నా మొహం చూడకుండా నా కంచంలోనూ వడ్డించింది.

ఇవాళ మళ్లీ తొమ్మిది. గాలి వల్ల అన్నాను. గాలి వల్ల కొంత నిజమే.

చీకటి 55వ రోజు. బయట మైనస్ 58, గాలి. లోపల 6.

హుస్సేనప్ప పలకలు కొట్టి చూసి గోడ దగ్గరే కూలబడ్డాడు. ఆరు, ఎనిమిది మళ్లీ చచ్చాయి. దులిపి వారం కాలేదు.

"తడి యాడినుంచో ఇంకా వస్తాంది. మేకులన్నీ పీకినాం గదా?"

"పీకాం" అన్నాడు మద్దిలేటి.

అందరూ నా వైపు చూశారు, ఇంజనీరును కాబట్టి. నేను కాగితాల వైపు చూశాను.

వాళ్లు భోంచేస్తున్నప్పుడు కోటు తప్పించి చూశాను. టేపు కింది అంచు ఊడి ఉంది. చల్లటి గుడ్డకు టేపు అంటుకోదని మొదటి ఏడాది విద్యార్థికి కూడా తెలుసు. చేయి దగ్గర పెడితే గాలి లోపలికి లాగుతోంది. ఏడో పలకలోని తడి, వైర్లు పోయే సందుల్లోంచి ఇటు ఆరుకూ అటు ఎనిమిదికీ పాకుతోంది. మేం పక్క పలకలు దులిపి నింపిందంతా ఓటి కుండలో నీళ్లు పోసినట్టే అయింది.

మళ్లీ టేపు వేశాను, ఈసారి జిగురుతో. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. నలభై ఇళ్లూ, నా పేరూ, సుంకమ్మ ముఖమూ గుర్తొచ్చాయి. నాకు భయం వేసింది. చలికి కాదు.

చీకటి 56వ రోజు. బయట మైనస్ 59, గాలి. లోపల 4.

ఆరో పలక రెండోసారి దులిపారు. హుస్సేనప్ప లోపలికొచ్చి కుంపటి దగ్గర చేతులు పెట్టి, చాలాసేపటి వరకూ తీయలేదు. సుంకమ్మ పోయి గ్లవుజులు లాగింది. కుడిచేతి చూపుడు వేలు, నడిమి వేలు మైనంలా తెల్లగా ఉన్నాయి. గిల్లింది. ఆయనకు తెలియలేదు.

"నొప్పి లేదులేమ్మా."

"నొప్పి లేదనే గదా నా ఏడుపు" అంది సుంకమ్మ. గోరువెచ్చటి నీళ్లలో ఆ చేయి పెట్టించి పట్టుకు కూర్చుంది. వేళ్లకు రంగు తిరిగి రాలేదు.

రేపు ఎనిమిదో పలక. తానే పోతానంటున్నాడు. ఏకడం ఇంకెవరికీ రాదు.

చీకటి 57వ రోజు. బయట మైనస్ 59. లోపల 2.

పొద్దున ఆయన కట్టు కట్టిన చేత్తో విల్లు తీసుకుని తలుపు దగ్గరికి వెళ్లాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"ఎనిమిది కాదు పెద్దాయనా. ఏడు."

"ఏడు లాస్టులో అంటివి గదా?"

కోటు తీశాను. టేపు పీకేశాను. ఊచ లాగితే బెజ్జంలోంచి మంచు పొడి రాలి మంచం మీద పడింది. నేనే చెప్పాను. ఎప్పుడు వేశానో, ఎందుకు వేశానో, ఎప్పుడు తెలిసిందో, ఎందుకు నోరు మూసుకున్నానో, అంతా.

మొదట మాట్లాడింది సుంకమ్మ.

"అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ. మా మేకులకేమో ఇల్లెగిరిపోయేటట్లు అరిచినావు. నా అన్నం ఆరుగుర్ని సంపుతాదన్నావు. ఏం ఇంజనీరమ్మా?"

"అవును. అన్నాను. తప్పు నాది."

"తప్పు నీదయితే యేళ్లు ఆయనవా?"

హుస్సేనప్ప బెజ్జం దగ్గరికి వచ్చి చేయి పెట్టాడు. ఆ చేతికి గాలి తెలియదని గుర్తొచ్చి రెండో చేయి పెట్టాడు.

"తెలిసి ఎన్ని దినాలయింది?"

"పదకొండు."

"చెప్పింటే దీన్నే ముందు ఇప్పుకుంటాంటిమి గదా పాపా."

తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. ఆయన విల్లు నా చేతికిచ్చాడు.

"నా చెయ్యి ఇంగ పట్టదు. నువ్వు పట్టు. నేను తలుపుకాడ కూచోని ఇంటా ఉంటా. తంతి పలికేదాన్ని బట్టి చెప్తా."

మంచం, వంట సామాను జరిపి ఏడో పలక నిలువునా విప్పాం. దూది కాదు, మంచుదిమ్మ. ఈరన్న, నాగన్న గొడ్డలితో చెక్కి గోతాల్లోకి ఎత్తారు. తెరిచిన చోట ఆరు బొంతలు వేలాడదీసినా గంటలో ఒక డిగ్రీకి దిగింది. మద్దిలేటి గొట్టాల మీద చేయి తీయకుండా కుంపటి దగ్గరే ఉన్నాడు.

నడవలో నేను కొట్టాను. మొదటి గంట తంతి దూదిలో చిక్కుకుపోయింది. లోపలి నుంచి ఆయన అరుస్తూనే ఉన్నాడు. "దూదిని కొట్టాకు, తంతిని కొట్టు!" "మొద్దుగా పలుకుతాంది, ఇంకా మంచుండాది!" "ఆ, ఇప్పుడు సన్నగా పలికింది, అది తీసి పక్కన పెట్టు!" పది నిమిషాలకొకసారి సుంకమ్మ తలుపు తీసి నన్ను కాలరు పట్టుకుని లోపలికి లాగి, చేతులు కాచుకోనిచ్చి, మళ్లీ బయటికి తోసింది.

మద్దిలేటి పిలిచాడు. "అర డిగ్రీ మేడమ్." అప్పటికి మూడు గోతాలు మిగిలాయి. ఉన్నది ఉన్నట్టు నింపేద్దామన్నాడు నాగన్న. "తడిది నింపితే మళ్లా ఇదే కత" అని హుస్సేనప్ప ఒప్పుకోలేదు. కుంపటి గొట్టాలకు మా దుప్పట్లన్నీ చుట్టాం. మేం వణుకుతూ ఆ మూడు గోతాలూ దులిపాం.

రేకుగుడ్డ కొత్తది వేసి, నాలుగు అంచులూ కుట్టి, కుట్టు మీద జిగురు పూసి బిగించేసరికి లోపల సున్నా పాయింట్ రెండు. గొట్టాలు నిలిచాయి.

చీకటి 58వ రోజు. బయట మైనస్ 57. లోపల 3.

నా భుజాలు లేవడం లేదు. ఎనిమిదో పలక కూడా నేనే దులిపాను.

చీకటి 66వ రోజు. బయట మైనస్ 55. లోపల 15.

ఆరు, ఎనిమిది, తొమ్మిది బతికే ఉన్నాయి. ఎనిమిది రోజులుగా ఒక్క పలక కూడా చావలేదు. కొత్త ఇంటి నక్ష గీయడం మొదలుపెట్టాను. రేకుగుడ్డకు ముందు నాలుగు వేళ్ల మందాన చెక్కగోడ ఒకటి ఎక్కువ వేస్తున్నాను. మేకులు అందులోనే ఆగిపోతాయి, గుడ్డ దాకా పోవు. కాగితం అంటించి మనుషుల్ని మార్చలేం, గోడను మార్చగలం. సుంకమ్మకు చూపించాను. "పటానికి చాలినంత మందముందా?" అని మాత్రం అడిగింది. ఉందన్నాను.

చీకటి 71వ రోజు. బయట మైనస్ 56. లోపల 18.

హుస్సేనప్ప రెండు వేళ్లూ నల్లబడి ఎండిపోయాయి. రేడియోలో డాక్టరు చెబుతుంటే మద్దిలేటి వాటిని కోసి తీసేశాడు. నేను ఆయన తల పట్టుకున్నాను. ఆయన అరవలేదు. నేనే ఏడ్చాను.

సాయంత్రం ఆఫీసుకు పంపాల్సిన ప్రమాద పత్రం పూర్తి చేశాను. నష్టం అన్న చోట "హుస్సేనప్ప కుడిచేతి రెండు వేళ్లు" అని రాశాను. కారణం అన్న చోట "నేను" అని రాశాను. ఆయనకు చదివి వినిపించాను.

"కారణం నేను అంటే వాళ్లకేం తెలుస్తాది?" అన్నాడు. "నీ ఏడుపు వాళ్లకెందుకు? వచ్చే నలభై ఇండ్లోళ్లకు పనికొచ్చేది రాయి. యాడ బెజ్జం, ఎంత బెజ్జం, ఎన్ని దినాలు దాచినావు, అది రాయి."

"దాచిన రోజులు కూడానా?"

"అదే ముందు రాయి. బెజ్జం ఎవురైనా ఏస్తారు."

కొట్టేసి మళ్లీ రాశాను.

కారణం: పదకొండు రోజులు చెప్పలేదు. ఏడో పలక, నేలకు ఆరడుగుల ఎత్తున, బొటనవేలంత బెజ్జం.